చేత్తో కుండలు చెయ్యడం ఎందుకింత పట్టుకుంది నాకు? (వైజాగ్ వాళ్ళెవరైనా ఉన్నారా)

రుషికొండ_కుర్రాడు | శనివారం రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఏడాది నుంచి ఇక్కడ చదువుతూ పోతున్నానే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. విషయం ఏంటంటే జూన్ నుంచి ప్రతి శనివారం కుండలు చెయ్యడం నేర్చుకుంటున్నా. ఎంవీపీ కాలనీ వైపు ఒక చిన్న షెడ్డు, నాలుగు కరెంటు సారెలు (కుండలు తీసే చక్రాలు), ఒక టీచర్, అంతే. ఆఫీసులో పుట్టినరోజుకి ఎవరో వోచర్ ఇస్తే ఒక్కసారి వెళ్ళొచ్చేద్దాం అనుకున్నవాణ్ణి, ఇప్పుడు శుక్రవారం సాయంత్రం నుంచే చేతులు దురద పెడుతున్నాయి.

అందరూ అడిగేది "ప్రశాంతంగా ఉంటుందా" అని. అబద్ధం ఎందుకు, మొదటి మూడు వారాలు నాకు వచ్చింది ఒళ్ళుమంటే. మట్టిముద్దని సారె మధ్యలో కొట్టి, నీళ్ళు చల్లి, ఎడమ మోచెయ్యి తొడకి ఆనించి రెండు చేతుల్తో పట్టుకుంటే అది నన్ను పక్కకి తోసేసేది. బిగిస్తే ఇంకా ఎగిరేది. పక్కన డిగ్రీ చదివే అమ్మాయి గిన్నె మీద గిన్నె తీస్తుంటే నేను షర్టు నిండా బురదతో కూర్చునేవాణ్ణి. నాలుగో వారం ఏం మారిందో ఇప్పటికీ తెలీదు, ఉన్నట్టుండి ముద్ద ఆగిపోయింది. అంటే సారె తిరుగుతూనే ఉంది, మోటారు చప్పుడు వినిపిస్తూనే ఉంది, కానీ ముద్ద కదలట్లేదు, అరచేతి కింద నీళ్ళు జారుతున్నట్టు తప్ప ఇంకేమీ తెలియట్లేదు. ఒక నిమిషం అలాగే పట్టుకుని కూర్చున్నా, గిన్నె చెయ్యాలని కూడా అనిపించలేదు.

మొత్తానికి ఒక ముంత కాల్చి ఇంటికి తెచ్చా. అమ్మ అటూ ఇటూ తిప్పి "మూతి వంకర పోయిందేంట్రా" అని, మళ్ళీ తనే పొయ్యి పక్కన పెట్టుకుని గళ్ళుప్పు పోసుకుంది. నాకు బొమ్మలెయ్యడం రాదు, చేతిపని ఒక్కటీ రాదు, మరి ఇదెందుకు పట్టుకుంది? మీలో ఎవరికైనా ఇలా ఉందా?

గాజువాక_గరుడ | శనివారం రాత్రి 11:58

బ్రో వంద రూపాయలు పడేస్తే పూర్ణా మార్కెట్లో మూతి సరిగ్గా ఉన్న ముంత ఇస్తారు 😂 నువ్వు ఫీజులకి, పెట్రోలుకి, షర్టులకి ఎంత తగలేశావో లెక్కేసుకున్నావా

రుషికొండ_కుర్రాడు | ఆదివారం 12:03

లెక్కేస్తే ఆ ముంత వెండిదానికంటే ఎక్కువే పడింది అన్నా. అందుకే లెక్కెయ్యట్లేదు

సీతమ్మధార_పిన్ని | ఆదివారం ఉదయం 6:20

బాబూ ముందు ఆ ఉప్పు తీసెయ్యమని మీ అమ్మగారికి చెప్పు. గ్లేజు (గాజు పూత) వెయ్యని మట్టిలో ఉప్పు పోస్తే గాలిలో చెమ్మకి కరిగి గోడలోకి దిగుతుంది, బయటికొచ్చి ఆరి మళ్ళీ పలుకు కడుతుంది, పై మట్టి పొరలు పొరలుగా రాలిపోతుంది. మన పెద్దవాళ్ళు ఉప్పూ ఊరగాయా జాడీల్లో పెట్టింది ఊరికే కాదు, జాడీకి లోపలా బయటా గాజు పూత ఉంటుంది.

ఇక నువ్వడిగిన దానికి వస్తే నా సంగతి చెప్తాను. నాలుగేళ్ళ కిందట బాత్రూంలో పడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వేళ్ళు ముడుచుకోవు, జడ వేసుకోలేను, పూరీపిండి కలపలేను. ఫిజియోథెరపీ అమ్మాయి పసుపురంగు రబ్బరు బంతి ఒకటిచ్చి రోజుకి వందసార్లు పిసకమంది. ఎందుకు పిసుకుతున్నానో తెలీకుండా పిసకడం నా వల్ల కాలేదు, మూడో రోజుకి బంతి మంచం కిందకి పోయింది. అప్పుడు వినాయకచవితి బొమ్మకి తెచ్చిన మట్టి గోనెలో ఇంత మిగిలుంటే తడిపి ప్రమిదలు చెయ్యడం మొదలెట్టాను. నాకు సారె లేదు, అపార్ట్‌మెంట్ బాల్కనీలో పీట మీద పని. నిమ్మకాయంత ఉండ తీసుకుని బొటనవేలు మధ్యలో దింపి, నొక్కి కొంచెం తిప్పి, నొక్కి కొంచెం తిప్పి. మొదటి వారం చేసినవి గవ్వల్లా వచ్చాయి. ఇప్పుడు కళ్ళు మూసుకుని అంచు మందం ఎక్కడ తేడా ఉందో చెప్పగలను, బియ్యపుగింజంత తేడా కూడా వేలికి తగుల్తుంది. మణికట్టు ఎప్పుడు బాగైందో నేను గమనించనేలేదు, ఒకరోజు చూస్తే జడ వేసేసుకున్నాను.

పెద్ద గిన్నెలకి మట్టిని జంతికల్లా పొడుగ్గా చేసి చుట్టలు చుట్టుకుంటూ పోతాను. చుట్టకీ చుట్టకీ మధ్య గీతలు గీసి, పల్చటి మట్టి పూసి అతకాలి, బద్ధకించి ఊరికే నొక్కితే ఆరేటప్పుడు అక్కడే ఊడుతుంది.

భీమిలి_బోటు | ఆదివారం ఉదయం 9:15

మేం ఎర్రమట్టి దిబ్బలకి పది నిమిషాల దూరం. ఆ మట్టి రంగు ఎంత బావుంటుందో, రెండు బకెట్లు తెచ్చి ట్రై చేద్దామనుకుంటున్నా, ఎవరైనా చేశారా?

మోడరేటర్ | ఆదివారం ఉదయం 9:40

వద్దు. అది రక్షిత ప్రాంతం, జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించినది. తవ్వకాల గురించి ఇక్కడ చర్చ పెడితే తీసేస్తాం.

ఉక్కు_మాజీ | ఆదివారం ఉదయం 10:05

చట్టం సంగతి అలా ఉంచినా అది కుండకి పనికిరాదు భీమిలి గారూ. పేరుకి ఎర్రమట్టి గానీ అది ఇసుక. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పొరలా పట్టి ఆ రంగొచ్చింది. కుండకి కావలసింది బంక. బంకమట్టి రేణువు పలకలా ఉంటుంది, రెండు పలకల మధ్య నీళ్ళుంటే ఒకదాని మీద ఒకటి జారతాయి కానీ విడిపోవు, అందుకే వంచిన చోట ఒంగి నిలబడుతుంది. ఇసుకని తడిపి బీచ్‌లో గోపురం కట్టినట్టే, ఎండగానే కూలిపోతుంది. చెరువు అడుగున మట్టి చూడండి, దాన్ని వేలికి చుట్టుకుంటే విరక్కుండా చుట్టుకోవాలి, అదీ పరీక్ష.

నేను స్టీల్ ప్లాంటులో ఫర్నేసుల లోపలి ఇటుకల పనిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. అదీ మట్టే, కాకపోతే నేను చేత్తో ముట్టుకున్నది తక్కువ. రిటైరయ్యాక మా మనవరాలితో కలిసి ఒక క్లాసుకి వెళ్తే తడిమట్టి మొదటిసారి అరచేతిలో పడింది. సిగ్గేసింది నిజం చెప్పాలంటే, జీవితమంతా కాలిన మట్టి లెక్కలు రాసి.

సారె_మనవడు | ఆదివారం మధ్యాహ్నం 2:31

చదువుతున్నాను అందరివీ. కోపంగా రాస్తున్నాననుకోకండి, కొంచెం కోపం ఉంది కూడా.

మాది కుమ్మరి ఇల్లు. ఆనందపురం దాటాక ఒక ఊరు. మా తాత ఇప్పటికీ చేస్తాడు, మా నాన్న ఆటో కొనుక్కున్నాడు, నేను ఫార్మా కంపెనీలో షిఫ్టులు. మీరు శనివారం రెండు గంటలు మట్టి ముట్టుకుని ఎంత హాయి అని రాస్తుంటే నాకు మా నాయనమ్మ కాళ్ళు గుర్తొస్తాయి. చెరువు నుంచి మట్టి తెచ్చి, ఎండబెట్టి, దంచి, జల్లించి, తడిపి, ఇసుక కలిపి, తెల్లారుజామున కాళ్ళతో తొక్కేది ఆవిడే. మా ఇంట్లో ఆడవాళ్ళు సారె మీద చెయ్యి వెయ్యరు, కానీ మట్టి తొక్కడం, కుండ తట్టడం, ఆరబెట్టడం, సంతకి మొయ్యడం అన్నీ వాళ్ళే. మీరు సారె మీద కుండ మొత్తం తీసేస్తారనుకుంటున్నారు. మా కుండ సారె మీంచి దిగేటప్పటికి మందంగా, అడుగు లేకుండా ఉంటుంది. కాస్త ఆరాక లోపల గుండ్రాయి పెట్టి బయట చెక్కతో తట్టి తట్టి అడుగు మూస్తారు, పల్చన చేస్తారు. ఒక్క కుండకి కొన్ని వందల దెబ్బలు. అందుకే మా కుండకి కింద గుండ్రంగా ఉంటుంది, చుట్టకుదురు లేకపోతే నిలబడదు.

ఆవం (కుండలు కాల్చే బట్టీ) పేర్చి కాల్చిన రోజు వాన పడితే నెల కష్టం పోయినట్టే. పెళ్ళికి అరివేణి కుండలకి మా ఇంటికే మేళంతో వస్తారు, చావుకి కుండకీ మా ఇంటికే వస్తారు, మధ్యలో ఎవరూ రారు. కుమ్మరికి ఒక ఏడు గుదియకు (దుడ్డుకర్రకి) ఒక పెట్టు అని సామెత ఊరికే చెప్పలేదు. మీ వంకర ముంత ఫొటోకి రెండొందల లైకులు, మా తాత కుండ దగ్గర పది రూపాయలు తగ్గించమని బేరం.

గాజువాక_గరుడ | ఆదివారం మధ్యాహ్నం 2:50

నేను వంద అన్నా కదా, బేరం ఆడనులే ఇంకెప్పుడూ 🙏

రుషికొండ_కుర్రాడు | ఆదివారం సాయంత్రం 7:10

అన్నా నువ్వు రాసింది మూడుసార్లు చదివా. ఏం చెప్పాలో తెలీట్లేదు. నీళ్ళ కుండలు మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా కొంటున్నాం, అడుగు ఎందుకు గుండ్రంగా ఉంటుందో ఒక్కసారి కూడా అడగలేదు, ఎప్పుడు చూసినా దొర్లిపోతోందని విసుక్కున్నామంతే. ఒక్కటి మాత్రం చెప్తా, ఆ ముద్ద మూడు వారాలు నన్ను తోసేశాకే నాకు కుండ అంటే ఏంటో కొంచెం తెలిసింది. అంతకు ముందు మీ తాత కుండ చూసినా నాకు కనపడేది కాదు. ఒకటి అడగనా, ముద్ద మధ్యలో కుదరడాన్ని మా క్లాసులో సెంటరింగ్ అంటారు, మీ ఇంట్లో ఏమంటారు?

సారె_మనవడు | ఆదివారం రాత్రి 10:22

పేరేం లేదు. ముద్ద నిలిచిందా లేదా, అంతే. మా తాతకి అది నిలవకపోవడం అనేది ఉంటుందని కూడా తెలీదనుకుంటా 🙂

చోడంబలి | సోమవారం ఉదయం 7:45

నేను చెయ్యను, వాడతాను, అయినా మాట్లాడొచ్చా. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు (2014 అక్టోబర్ 12, ఆ తేదీ ఎవడు మర్చిపోతాడు) మా వీధికి కరెంటు తొమ్మిది రోజులు రాలేదు. ఫ్రిజ్ తలుపు తీస్తే కంపు. కంచరపాలెంలో ఒక ముసలావిడ తోపుడుబండి మీద కుండలు తెస్తే జనం ఎగబడ్డారు, నాకు మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడింది దొరికింది. అదే కుండ ఇప్పటికీ ఉంది, నీళ్ళకి కాదు, చోడి (రాగి) అంబలికి. స్టీలు గిన్నెలో పులిస్తే ఆ రుచి రాదు, ఎందుకో తెలీదు, రాదంతే.

కానీ ఒక డౌట్. మా బావ వాళ్ళ అనంతపురంలో కుండలో నీళ్ళు పళ్ళు జివ్వుమనేలా ఉంటాయి, మన వైజాగ్‌లో ఏదో ఓ మాదిరిగా చల్లబడతాయి. ఇక్కడి మట్టి తేడానా?

ఉక్కు_మాజీ | సోమవారం ఉదయం 11:30

మట్టి కాదండీ, గాలి. కుండ గోడకి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నీళ్ళు చెమటలా బయటికొచ్చి ఆవిరౌతాయి. ఒక గ్రాము నీళ్ళు ఆవిరవ్వాలంటే సుమారు 580 కాలరీల వేడి కావాలి, ఆ వేడి లోపలున్న నీళ్ళ నుంచి లాక్కుంటుంది. అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట బేగి ఆరుతుంది. మనకి సముద్రం పక్కనే, మే నెలలో మన చెమటే ఆరదు, కుండ చెమట ఏం ఆరుతుంది. కిటికీ దగ్గర గాలి తగిలే చోట పెట్టండి, కొంత నయం. గ్లేజు వేసినదైతే ఎక్కడ పెట్టినా చల్లబడదు, రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి.

భీమిలి_బోటు | సోమవారం మధ్యాహ్నం 1:05

దిబ్బల జోలికి వెళ్ళను, ఒట్టు. తొట్లకొండ తవ్వకాల్లో కుండ పెంకులు కూడా దొరికాయి కదా, దగ్గర దగ్గర రెండు వేల ఏళ్ళ నాటి ఆరామం. ఇప్పుడు ఈ థ్రెడ్ చదివాక అనిపిస్తోంది, అక్కడి భిక్షువులకి కింద ఊళ్ళో ఎవరో చేసిచ్చుంటారు, వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు

రుషికొండ_కుర్రాడు | 19 రోజుల తర్వాత, శనివారం రాత్రి 10:15

పాత థ్రెడ్ లేపుతున్నందుకు తిట్టుకోకండి. ఘోరం జరిగింది. ఆరు గిన్నెలు చేశా, అన్నీ నావే, మూడు శనివారాల పని, ఇవాళ కిల్న్ (కాల్చే కొలిమి) తెరిస్తే నాలుగు ముక్కలు ముక్కలు. నావి పేలిన పెంకులు ఎగిరి పక్కన వేరేవాళ్ళ కప్పు మీద పడ్డాయి, అదీ విరిగింది. లోపల గాలి బుడగలు ఉండిపోతే పేల్తాయని క్లాసులో ఎవరో అన్నారు. నేను మట్టి బాగానే పిసికానే. ఏడుపొస్తోంది నిజంగా

సీతమ్మధార_పిన్ని | శనివారం రాత్రి 10:31

అయ్యో నాన్నా. అడుగు ఎంత మందం పెట్టావు? ఎన్నాళ్ళు ఆరబెట్టావు?

రుషికొండ_కుర్రాడు | శనివారం రాత్రి 10:34

అడుగు వేలి మందం ఉంటుంది పిన్నిగారూ. నాలుగు రోజులు ఆరింది. పైన ముట్టుకుంటే పొడిగానే ఉంది

ఉక్కు_మాజీ | శనివారం రాత్రి 11:02

దొరికింది. బుడగ కాదు బాబూ, నీళ్ళు. బుడగ ఒక్కటే ఉంటే ఏం కాదు, బుడగ చుట్టూ ఉన్న మందపాటి మట్టిలో తడి ఉంటేనే గొడవ. ఆగస్టు నెల, పైగా వైజాగ్, నాలుగు రోజులకి అంచు ఆరుతుంది, అడుగు లోపల ఆరదు. కిల్న్ నూరు డిగ్రీలు దాటగానే ఆ తడి ఆవిరౌతుంది, నీళ్ళు ఆవిరైతే సుమారు పదహారు వందల రెట్లు చోటు కావాలి, మట్టి ఇవ్వదు, పేలుతుంది. ఈసారి గిన్నె అడుగు చెంపకి ఆనించి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడుందని. చెయ్యి మోసం చేస్తుంది గానీ చెంప చెప్తుంది. ఆరేటప్పుడు బోర్లించి పెట్టు, అంచు మీద పల్చటి ప్లాస్టిక్ కప్పు, అడుక్కి గాలి తగలనీ. అడుగు మందం కూడా సగానికి చెక్కెయ్.

ఇంకో సంగతి. నూరు డిగ్రీల దగ్గర పోయేది మనం కలిపిన నీళ్ళు. మట్టి పుట్టుకలోనే కలిసున్న నీళ్ళు వేరే ఉంటాయి, అవి 450 నుంచి 600 లోపల పోతాయి. అవి పోయాక అది ఇక మట్టి కాదు, ఏడాది నీళ్ళలో నానబెట్టినా మెత్తబడదు. మళ్ళీ 573 దగ్గర అందులోని ఇసుక ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది, కాబట్టి తొందరపడి తలుపు తీసినా బీటలే.

సారె_మనవడు | శనివారం రాత్రి 11:40

ఉక్కు గారు చెప్పినవన్నీ మా తాత అంకెలు లేకుండా చేస్తాడు. ఆవం వెలిగించేముందు అడుగున సన్నమంట చాలాసేపు పెడతాడు, పొగ తెల్లగా వచ్చినంతసేపూ పెంచడు.

కుర్రాడా, ఆదివారం ఖాళీయేనా? ఊరికి రా. బస్సులో కాదు, బండి మీద రా, లోపలికి బస్సు లేదు. మెసేజ్ పెడుతున్నా.

రుషికొండ_కుర్రాడు | మరుసటి ఆదివారం రాత్రి 9:50

వెళ్ళొచ్చా. ఇప్పుడే స్నానం చేసి కూర్చున్నా, గోళ్ళలో మట్టి ఇంకా పోలేదు.

తాతకి డెబ్భై ఎనిమిదో ఎనభయ్యో, ఆయనకే సరిగ్గా తెలీదు. వాకిట్లో రెండు సారెలు. ఒకటి ప్రభుత్వం ఇచ్చిన కరెంటుది, దాని మీద బట్ట కప్పి ఉంది, కరెంటు ఉన్నప్పుడే వాడతాడట. రెండోది పెద్ద చక్రం, కర్రతో తిప్పేది. నన్ను దాని ముందే కూర్చోబెట్టారు, నేల మీద గొంతుక్కూర్చోవాలి, అయిదు నిమిషాలకే నా మోకాళ్ళు పోయాయి. చక్రం నెమ్మదించే లోపు పని అయిపోవాలి, మోటారు లాగా నాకోసం ఆగదు. ముద్ద మీద చేతులు పెట్టి క్లాసులో చెప్పినట్టు బలంగా అదుముతున్నా. తాత కాసేపు చూసి నవ్వాడు. "ఏటి బాబూ, మట్టితో తగువాడతన్నావేటి? ఒగ్గీ. అదే వస్తాది" అన్నాడు. ఒదిలేస్తే ఎగిరిపోతుంది కదా అన్నా. నా చేతుల మీద ఆయన చేతులు పెట్టాడు. అరచేతులు చెక్కల్లా ఉన్నాయి, కానీ నొక్కలేదు, అసలు బరువే లేదు. ముద్ద నిలిచింది.

సాయంత్రానికి ఒక ముంత వచ్చింది. క్లాసులో చేసినవాటన్నిటికంటే బావుంది, మూతి కూడా సరిగ్గా ఉంది, సంబరంతో పది ఫొటోలు తీసుకున్నా. పోయిన వారం మిగిలిపోయిన మట్టితో చేసి బాగా ఎండబెట్టిన గిన్నె ఒకటి, ఇంకా కాల్చనిది, చూపిద్దామని తీసుకెళ్ళా. తాత దాన్ని వేలితో మీటి చప్పుడు విన్నాడు, అడుగు చూశాడు, పక్కనున్న నీళ్ళతొట్టిలో పడేశాడు. నేను "అయ్యో" అని అరిచేశా. బుడగలు వచ్చాయి, అంచు ముందు జారింది, తర్వాత గోడలు, నేను చూస్తుండగానే అడుగున బురద కుప్ప. బాగా ఎండింది కాబట్టే అంత బేగి కరిగిందట, పచ్చిది అయితే రోజులు పడుతుందట. "కాల్సలేదుగా, ఏటీ పోనేదు" అని ఆ బురద చేత్తో తీసి గోనెపట్టా మీద పరిచాడు.

నాలుగు గిన్నెలు పేలినప్పుడు కంటే అప్పుడే ఎక్కువ బాధేసింది, పది నిమిషాలకి అసలేమీ అనిపించలేదు. వచ్చేటప్పుడు నాయనమ్మ ఆ మట్టే ముద్ద చేసి, తడిగుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది, అదే గిన్నె మళ్ళీ చేసుకోమని. బండి డిక్కీలో పట్టలేదు, ఒళ్ళో పెట్టుకుని మధురవాడ దాకా వచ్చా, ప్యాంటు తడిసిపోయింది.

సీతమ్మధార_పిన్ని | ఆదివారం రాత్రి 10:05

మరి తాతగారు చేయించిన ముంత ఏమైంది?

రుషికొండ_కుర్రాడు | ఆదివారం రాత్రి 10:08

అక్కడే ఆరుతోంది పిన్నిగారూ, వాళ్ళ ఆవంలో పెడతారట. తాతకి నచ్చితే. నచ్చకపోతే తొట్టిలోకే

చోడంబలి | ఆదివారం రాత్రి 10:20

మీ అమ్మగారి ఉప్పు ముంత సంగతేంటి ఇంతకీ

రుషికొండ_కుర్రాడు | ఆదివారం రాత్రి 10:26

పిన్నిగారు చెప్పినట్టే బయటంతా తెల్లగా పూసి పెచ్చులూడుతోంది. పారేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. ఉప్పు తీసేసి అగ్గిపెట్టె, గ్యాస్ లైటరు వేసింది

గాజువాక_గరుడ | ఆదివారం రాత్రి 10:41

మనవడు అన్నా, దీపావళికి ప్రమిదలు మీ తాత దగ్గర ఎన్ని రోజులు ముందు చెప్పాలి? రెండొందలు కావాలి, మా అపార్ట్‌మెంట్ మొత్తానికి. రేటు నువ్వే చెప్పు

సారె_మనవడు | ఆదివారం రాత్రి 10:58

నెల ముందు చెప్పు. వానలు ఆగితే చాలు, ఆవం పేరుస్తాం. మొయ్యడానికి మాత్రం నువ్వే రావాలి